‘అదో’ కాదు, ‘అత్తా’ అనాలి

“కోడ్ అడిగినోడు మా గోపాలమే అనుకున్నాను బావు. ఎందుకు అనుకోను? వోడి పేరుంది, వోడి పొటో ఉంది. ‘అదో, మీ ఫోనుకి పొరపాటున నా కోడ్ వొచ్చింది, పంపండి’ అని బర్మా అక్షరాల్లో రాసేడు. వోడెప్పుడూ అలాగే రాత్తాడు. పంపీసాను. అంతే.”

మణిమాల గారు ఇలా చెబుతూనే ఫొటోకాపీ మిషన్ మూత ఎత్తి, ఎవరిదో అఫిడవిట్ తిప్పి పెట్టి, మళ్లీ మూత వేశారు. పచ్చటి వెలుగు గీత ఆమె మోచేతి కింద నుంచి పాకి పోయింది.

“ఇక్కడే ఉంది చూడు మా తెలుగోళ్ల తప్పు,” అన్నారు. “మరొకళ్లింట్లో అయితే మేనల్లుడు ఒక్కసారిగా వేరే బాషలో రాత్తే అనుమానం వొచ్చీదు. మా ఇంట్లో పిల్లలెవరికీ తెలుగు రాయడం రాదు. అందరూ బర్మాలోనే రాత్తారు. అంచేత దొంగోడు బర్మాలో రాసినా మాకు తేడా కనపళ్లేదు. మేవే వోడికి తలుపు తీసి పెట్టినట్టు.”

యాంగోన్‌లో, చౌక్తడా పేటలో, కోర్టు వెనక వీధిలో, ఒక పాత భవనం మెట్ల కింద ఉంటుంది ఆమె కొట్టు. మనిషి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. ఒక ఫొటోకాపీ మిషన్, రెండు కంప్యూటర్లు, కరెంటు పోతే కంప్యూటర్లకి మాత్రం సరిపోయే ఒక బ్యాటరీ, లామినేషన్ పెట్టె, గోడకి మేకు కొట్టి తగిలించిన కత్తెర. ప్లీడరు గుమాస్తాలు, ఇల్లు అమ్ముకునేవాళ్లు, కొనేవాళ్లు, పాస్‌పోర్టుకి వెళ్లేవాళ్లు అందరూ ఆ మెట్ల కిందకి వంగి వస్తారు. గుర్తింపు కార్డు ముందూ వెనకా, కుటుంబ జాబితా, అద్దె ఒప్పందం. ఎవరికి ఏది కావాలన్నా ముందు ఫోనులో ఫొటో పంపిస్తారు, తరవాత వచ్చి కాగితం తీసుకుంటారు. ఆమె కార్డు మీద బర్మా పేరు దో ఖిన్ ఖిన్ వా; ‘దో’ అంటే మన ‘గారు’ లాంటిది. వీధి వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. మణిమాల అన్న పేరు ఇంట్లోవాళ్లకీ, గుళ్లో పూజారికీ, నాలాంటి ఒకరిద్దరికీ తెలుసు. వయసు యాభై ఎనిమిది. కుడి మోకాలు బాగా నొప్పి.

ఈ చోటు వాళ్ల నాన్నది. తాత రేవులో బస్తాలు మోశాడు. నాన్న మాత్రం పక్కింటి ప్లీడరు దగ్గర బర్మా టైపు నేర్చుకుని, ఈ మెట్ల కింద బల్ల వేసుకుని అర్జీలు కొట్టేవాడు.

“మా నానకి ఒక పట్టుదలుండీది,” అన్నారామె. “అర్జీ టైపు కొట్టీసినాక కార్బన్ కాయితం వొచ్చినోడి కళ్ల ముందే కాల్చీసీవోడు. ఒకే కార్బన్ నాలుగుసార్లు వాడుకోవొచ్చు గదా, అందరూ వాడీవోరు. ఈయన వాడడు. నాను చిన్నపిల్లని, ‘నానా, ఇంకా నల్లగానే ఉంది గదా, ఎందుకు కాల్చీడం’ అంటే, ఆ కార్బన్ని వెలుతురుకి పట్టుకుని సూపించీవోడు. కొట్టిన అక్షరాలన్నీ తెల్లగా కనిపించీవి. ‘ఇది వాళ్లింటి మాట. మన డబ్బాలో ఎందుకుండాలి’ అనీవోడు.”

అఫిడవిట్ కాపీలు అంచులు సరిచేసి, కాచుకున్న ప్లీడరు గుమాస్తాకి ఇచ్చి, కంప్యూటర్ తెర అతని వైపు తిప్పి, ఫైలు చెరిపేసి, చెత్తబుట్ట బొమ్మలోంచి కూడా తీసేసి, “చూడండి, లేదు” అని బర్మాలో అన్నారు. గుమాస్తా అలవాటుగా తల ఊపి వెళ్లిపోయాడు.

“ఇది ఇప్పుడు నేర్చుకున్నాను,” అన్నారు. “అంతకు ముందు నాలుగేళ్ల కార్బన్లు నా ఫోన్లో అలాగే ఉండిపోనాయి. అందరి కార్డులూ, అందరి ఇళ్ల కాయితాలూ. కాల్చీడం మర్చిపోనాను. నాన చూత్తే ఏటనీవోడో.”

సంగతి జరిగింది పోయిన వానాకాలం, ఒక మంగళవారం. ఆ వారం వాళ్ల వీధికి కరెంటు పొద్దున ఎనిమిదింటికి వచ్చి మధ్యాహ్నం పన్నెండింటికి పోతోంది. అంచేత పొద్దున్నంతా పని ఒత్తిడి. పదకొండు దాటింది. ‘గోపాలం’ మెసేజీ వచ్చింది, ఆమె కోడ్ చూసి, అది తన ఖాతా తెరిచే కోడే అని తెలియక పంపించారు, మళ్లీ పనిలో పడ్డారు. తరవాత ఫోను చేతిలోకి తీసుకుంటే, తాను తెరవని మెసేజీలు చదివినట్టు గుర్తులు పడి ఉన్నాయి. వేలు తగిలిందేమో అనుకున్నారు.

“అప్పుడు సూత్తుండగా, నా కళ్ల ముందే బావు, నా పేరుతో ఒక మెసేజీ ఎల్లింది. నాను ఏటీ తాకలేదు. నా చేతులు రెండూ ఇలా బల్ల మీదున్నాయి. ‘టీచర్ గారూ, మీ కార్డు రెండు పక్కలా ఫొటో మళ్లీ పంపండి. మీ ఫోనుకొక కోడ్ వొత్తాది, అదీ పంపండి. ఇవాళ కాయితాలకి కావాలి.’ దో తిన్ తిన్‌కి.”

దో తిన్ తిన్ రిటైరైన బడి పంతులమ్మ. రెండు వీధుల అవతల నాలుగో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆ నెలలోనే ఆవిడ ఇల్లు తమ్ముడి పేర రాసే కాగితాలు మణిమాల గారి దగ్గర తయారవుతున్నాయి. అంటే కార్డు అడిగితే ఆవిడ ఎందుకని అడగదు. కోడ్ అడిగినా అడగదు. నాలుగేళ్లుగా ‘దో ఖిన్ ఖిన్ వా అడిగింది’ అంటే అది సరైన మాటే అయింది ఆవిడకి.

“నేను కాదు, పంపొద్దు, అని కింద రాసేను. రాసింది రాసినట్టే మాయమైపోయింది. మళ్లీ రాసేను. మళ్లీ తీసీసేడు. నా నోరు నేను తెరుత్తుంటే ఎవడో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. ఇంతలో పైన కనపడింది, దో తిన్ తిన్ ఏదో టైపు చేత్తన్నాదని.”

ఆమె మామూలు ఫోను చేశారు. మోగింది, మోగింది, ఎత్తలేదు. పంతులమ్మ గారికి ఫోను నోరు మూసి పెట్టడం బడి రోజుల నుంచి అలవాటు. అప్పుడు మణిమాల గారు షట్టరు సగం దించి, మిషన్ మీద ఎవరి కాగితం ఉంటే దాన్ని అలాగే వదిలి, నొప్పి మోకాలితో రెండు వీధులు నడిచారు. పరుగెత్తాను అని ఆమె చెప్పలేదు. “నడిచేను, కానీ ఆగలేదు,” అన్నారు.

చౌక్తడా భవనాల ముందు పైఅంతస్తుల నుంచి తాళ్లు వేలాడుతుంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో తాడు. పైన గంట, కింద ఒక క్లిప్పు. కిందవాళ్లు తాడు లాగితే పైన గంట మోగుతుంది. పేపరు, ఉత్తరం, కూరగాయల సంచీ, ఏదైనా ఆ క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కుంటారు. ఎవరి తాడు ఏదో ఆ వీధిలో ఉన్నవాళ్లకి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. దో తిన్ తిన్ తాడు నీలం రంగుది. మణిమాల గారు దాన్ని ఎంత గట్టిగా లాగారంటే మూడో అంతస్తాయన కూడా బయటికి వచ్చి చూశాడు.

దో తిన్ తిన్ బాల్కనీలోంచి తొంగి చూసింది.

“పంపకండి. అది నేను కాదు,” అని కింద నుంచి అరిచారు ఈమె.

“ఏది నువ్వు కాదు? నువ్వే కదా కింద ఉన్నావు,” అంది ఆవిడ పైనుంచి.

“కోడ్ అడిగింది నేను కాదు. పంపేశారా?”

“అంకెలు కనపడక కళ్లజోడు వెతుక్కుంటున్నాను. కాస్త ఆగమని రాశాను కూడా. నీకు ఎందుకింత తొందర?”

ఆ మాట చెప్పేటప్పుడు మణిమాల గారు నవ్వలేదు. “ఆ కళ్లజోడు దిండు కింద లేకపోయుంటే ఆవిడ ఇల్లేమయ్యీదో నాకు తెలీదు. నా పేరుతో అయ్యీది, అది మాత్రం తెల్సు. అందుకే అప్పుడు ఏడవడానికి తీరిక లేదు. ఒకళ్లకి రాసినోడు మిగతావోళ్లకి రాయడేటి?”

కొట్టుకి వస్తూ దారిలోనే గోపాలానికి మామూలు ఫోను చేశారు. గోపాలం ఆమె అన్న కొడుకు. వాళ్ల ఇల్లు నది అవతల తన్లిన్‌లో, వాడి ఉద్యోగం లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో.

“ఒరే, నువ్వు నన్ను కోడ్ అడిగేవేటి?”

అటు వైపు మిషన్ల చప్పుడు. ఆ చప్పుడు మధ్యే గోపాలం సగం తెలుగు, సగం బర్మా కలిపి చెప్పాడు. పొద్దున్నే ఎవరో స్నేహితుడి పేరుతో, చిన్నపిల్లల బొమ్మల పోటీ, మా పాపకి ఓటు వెయ్యండి అని ఒక లింకు వచ్చింది. నొక్కాడు. అది ఫోను నంబరు అడిగింది, కోడ్ అడిగింది, ఇచ్చాడు. పది నిమిషాల్లో తన ఖాతా తన చేతిలో లేదు.

“ఎన్ని గంటలకిరా?”

“ఎనిమిది.”

“ఇప్పుడెంతయ్యింది?”

“పదకొండున్నర.”

“మూడు గంటలు నోరు మూసుక్కూకున్నావా?”

“సిగ్గేసింది అత్తా,” అన్నాడు.

“సిగ్గు సాయంత్రం పడుదువుగాని. ముందు వోణ్ని నా ఫోన్లోంచి ఎలా గెంటాలో సెప్పు.”

ఆ మాటతో వాడు తేరుకున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్లమన్నాడు, పరికరాలు అని ఉన్నచోట నొక్కమన్నాడు. అక్కడ మూడు పేర్లున్నాయి. ఒకటి ఆమె చేతిలో ఉన్న ఫోను. ఒకటి కొట్టులో కంప్యూటర్. మూడోది ఆమె జన్మలో చూడని ఫోను, అరగంట క్రితం లోపలికి వచ్చింది.

“అంతసేపూ వోడు నా ఇంట్లో కూకున్నాడు బావు, మూడో కుర్చీలో. లెగమంటే లెగుత్తాడని నాకు తెలీదు.”

లేవమన్నారు. ఆ పేరు మీద నొక్కి తీసేశారు. గోపాలం ఫోను పెట్టకుండానే రెండో తాళం కూడా వేయించాడు. అంటే కోడ్ ఎవరి చేతిలో పడినా, దాని తరవాత ఇంకో మాట చెప్పాలి, అది ఆమెకి తప్ప తెలియదు. అప్పటిదాకా ఆమె అన్నిటికీ ఒకే మాట వాడేవారు. ఫోనుకీ, కంప్యూటర్‌కీ, ఈమెయిలుకీ వాళ్లమ్మ పేరూ, తాను పుట్టిన వారమూ. ఈ ఊళ్లో పుట్టిన వారం ఎవరికైనా తెలుస్తుంది, పేరు పెట్టేటప్పుడు మొదటి అక్షరమే దాన్ని బట్టి పెడతారు. “తలుపు మీదే తాళం చెవి బొమ్మ గీసి పెట్టుకున్నట్టు,” అని గోపాలం వెక్కిరించాడట. “ఎనిమిదింటి నుంచి మూగోడైనవోడు అన్న మాట అది,” అన్నారామె నాతో.

అప్పటికి పదకొండూ యాభై. దొంగ ఆ అరగంటలో నలభై ఒక్క మందికి రాశాడు. ఆమె పేరుతో వచ్చిన మెసేజీని నమ్మొద్దు అని ఆమె పేరుతోనే మెసేజీ పెడితే ఎవరు ఏది నమ్మాలి? పది నిమిషాల్లో కరెంటు పోతుంది. ఆమె మిషన్ ముందు నిలబడి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, చేత్తో, బర్మాలో రాశారు: ‘నా ఖాతాలోకి దొంగ వచ్చాడు. కార్డు గాని కోడ్ గాని అడిగింది నేను కాదు. పంపి ఉంటే కొట్టుకి రండి. మెట్ల కింద దో ఖిన్ ఖిన్ వా.’ దాన్ని మిషన్ మీద పెట్టి నూరు నొక్కారు. ఎనభై ఆరో కాగితం సగం బయటికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ సగం కాగితం ఇప్పటికీ మిషన్ పక్కన గోడకి అంటించి ఉంది.

మిగిలిన ఎనభై అయిదూ పట్టుకుని ఆ మధ్యాహ్నం ఆమె వీధులు తిరిగారు. తాడు కనిపించిన చోటల్లా క్లిప్పుకి తగిలించి గంట లాగారు. టీ కొట్లలో గుమాస్తాల బల్లల మీద పెట్టారు. దో తిన్ తిన్ కళ్లజోడు పెట్టుకుని కిందికి దిగి, ఎడమ పక్క వీధి నాకివ్వు అని సగం కాగితాలు లాక్కుందట. కోర్టు గేటు దగ్గర ఒక ప్లీడరు, “ఇంత ఊరంతా చాటుకుంటే నీ కొట్టుకి ఎవరొస్తారమ్మా,” అన్నాడట.

“రాకపోతే రాకపోనీ. నా పేరు చెప్పి ఎవడూ ఎవరింట్లోకీ ఎల్లకూడదు. కొట్టు తరవాత,” అన్నారట ఈమె.

ఒక్క నీలకంఠం గారు మాత్రం అప్పటికే కార్డు రెండు పక్కలా పంపేశారు. పప్పుల దళారీ, మన తెలుగాయనే. కోడ్ పంపలేదు గాని కార్డు పోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చుని, గంటసేపు లేవలేదు.

“మీ నాన్న ఉన్న రోజుల్లో ఈ మెట్ల కిందనుంచి ఒక చీమ కూడా కాయితం పట్టుకెళ్లలేదు మణిమాలా.”

“నిజమే బావ గారూ.”

“నువ్వు నిజమే అంటే నేనింకేటి తిట్టాలి?”

“తిట్టడం అయ్యిందా? అయితే లెగండి. కార్డు ఫొటో దొంగ సేతికి పోయిందని టేషన్లో రాసిచ్చి రసీదు తెచ్చుకోవాలి. అర్జీ నాను రాసి పెట్టేను.”

ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆ అర్జీకి కాపీ తీసి, ఆయన చేతికిచ్చి, తన దగ్గరున్నది ఆయన కళ్ల ముందే చెరిపేశారు. ఆ రోజు నుంచి ఆ చెరపడం కొట్టులో మామూలైంది. రోజూ షట్టరు దించే ముందు ఫోనులో ఆ రోజు వచ్చిన ఫొటోలన్నీ తీసేస్తారు. ఎవరైనా పెన్‌డ్రైవ్ తెస్తే పాత కంప్యూటర్‌కే పెడతారు, దానికి ఇంటర్నెట్ తీగ లేదు. తన సొంత లెటర్ నమూనాలు, అర్జీ ఫారాలు మాత్రం రెండు డిస్కుల్లో ఉంటాయి. ఒకటి కొట్టులో, ఒకటి ఇంట్లో దేవుడి అలమరలో. సోమవారం అది ఇటు, ఇది అటు. ఈ పనులేవీ ఆమె ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. ఒక్కోటీ ఒక్కోసారి అడిగి, చేసి, మరిచిపోయి, మళ్లీ అడిగి నేర్చుకున్నారు.

ఇంటికి పెట్టిన నియమం మాత్రం పూర్తిగా ఆమె సొంతం. కోడ్, కార్డు, డబ్బు, ఈ మూడింట్లో ఏది అడిగినా మెసేజీ పనికిరాదు. ఫోను చెయ్యాలి. బర్మాలో పిన్నినీ అత్తనీ పిలిచే ‘అదో’ చెల్లదు, ‘అత్తా’ అనాలి. తరవాత ఆమె ఇంటి ప్రశ్న ఒకటి వేస్తారు. దానికి తెలుగులో జవాబు చెప్పాలి.

“తెలుగే ఎందుకు? జవాబు నిజమైతే ఏ భాషైతే ఏం?” అని అడిగాను.

“వోడి దగ్గర మా పాత మెసేజీలన్నీ ఉన్నాయి గదా. అన్నీ బర్మాలోనే ఉన్నాయి. పెళ్లిళ్లు, పేర్లు, జబ్బులు, అన్నీ చదూకునుంటాడు. మా తెలుగు ఏ ఫోన్లోనూ లేదు బావు, మా నోట్లోనే ఉంది. ఇన్నాళ్లూ పిల్లలకి రాయడం రాదని ఏడ్చీదాన్ని. ఇప్పుడు రాయకపోవడమే తాళమైంది. అదీగాక,” అన్నారు, “బర్మాలో ‘అదో’ అంటే అత్త. మనకి ‘అదో’ అంటే ఏటి? ఎక్కడో దూరంగా ఉన్నదాన్ని వేలెట్టి సూపించడం. నాను దూరంగా ఉండదలుచుకోలేదు.”

ఆ నియమానికి మొదట దొరికినవాడు గోపాలమే. మూడు వారాల తరవాత లైంగ్‌థార్యార్ బస్సులో వాడి ఫోను నిజంగానే పోయింది. తన ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి అత్త నంబరే ఇచ్చి ఉన్నాడు, కోడ్ ఆమెకే వస్తుంది. తోటి ఉద్యోగి ఫోను నుంచి చేశాడు. ఈమె ప్రశ్న వేశారు: దీపావళికి నూనె మూకుట్లో ఎవరి గాజు పడింది?

వాడికి జవాబు తెలుసు. వాళ్లమ్మ వెంకమ్మ గాజే. కాని చెప్పింది బర్మాలో.

“తెలుగులో సెప్పు.”

“అత్తా... అమ్మ... నూనె... యాదె అత్తా, నీకు తెల్సు గదా.”

యాదె అంటే సర్లే, పర్లేదు అని. పర్లేదు అన్నందుకే ఆమె ఫోను పెట్టేశారు.

రెండు బస్సులు మారి సాయంత్రం కొట్టుకి వచ్చాడు, ముఖం ఎర్రగా చేసుకుని. “నా గొంతు కూడా గుర్తుపట్టలేదా?”

“పట్టేను. మొదటి మాటకే పట్టేను.”

“మరెందుకు ఇవ్వలేదు?”

“గొంతులు కూడా తయారు చేత్తన్నారంట ఇప్పుడు. ఇవాళ నీకని వదిలీత్తే రేపు నీలాటోడికి కూడా వదిలీయాలి. కూకో. అన్నం తిన్నావా?”

వాడు కూర్చోలేదు. నిలబడే, బల్ల మీద వేలితో గీతలు గీస్తూ, “మా అమ్మ గాజు... అప్పాలు ఏస్తుంటే... నూనెలో పడిపోనాది,” అన్నాడు. తెలుగులో అంత పొడుగు వాక్యం వాడు ఆమెతో ఎప్పుడూ అనలేదట. ఆమె కోడ్ కాగితం మీద రాసి ఇచ్చారు, వాడు దాన్ని కంప్యూటర్లో కొట్టిన వెంటనే ఆ కాగితం చింపేశారు. ఇప్పుడు ఆదివారాలు వచ్చి కూర్చుంటాడు. ఫోను పని నేర్పుతాడు, మాటలు నేర్చుకుంటాడు. ఎవరు ఎవరికి గురువో ఇద్దరూ ఒప్పుకోరు.

ఇదంతా విని నేను లేవబోయాను. ఆమె చెయ్యి చాపి ఆపారు.

“శుక్రవారం నువ్వు తన్లిన్ ఎల్తావు గదా?”

“వెళ్తాను.”

“గాజు ప్రశ్న అందరికీ తెలిసిపోయింది. గోపాలం వోళ్ల ఆఫీసులో కూడా సెప్పుకుని నవ్వుతున్నాడు. అంచేత నిన్న మార్చీసేను. కొత్తది మా వెంకమ్మ వదినకి తెలియాలి.” కుర్చీ దగ్గరికి జరుపుకుని, మిషన్ చప్పుడు చేస్తుండగా, నా చెవిలో ప్రశ్నా జవాబూ రెండూ చెప్పారు. చాలా చిన్న సంగతి, ఒక పిల్లికీ ఒక పెళ్లిపీటకీ సంబంధించింది. నేను జేబులోంచి పుస్తకం తీశాను.

“లోపలెట్టు,” అన్నారు. “అందులో రాయకు. ఫోన్లో సెప్పకు. నువ్వు ఇదంతా రాత్తావని నాకు తెల్సు, అందులో కూడా పెట్టకు. నది దాటి ఎల్లి, మా వదిన ఎదురుగా నిలబడి, నోటితో సెప్పు. ఆవిడ ముందు నిన్ను నమ్మదు, పాత ప్రశ్న అడుగుద్ది. గాజు సంగతి తెలుగులో, పూర్తిగా, తడుముకోకుండా సెప్పు. అప్పుడు కొత్తది ఇయ్యి. ఏది, గాజు సంగతి నాకోసారి సెప్పి సూపించి ఎల్లు.”